నన్నారి సోడా తొందరగా చల్లబడాలంటే

ప్రశ్న: మా ఇల్లు అలిపిరికి దగ్గర. వేసవిలో కొండ నుంచి నడిచి దిగే బంధువులు మిట్టమధ్యాహ్నం ఇంటికి వస్తుంటారు. నన్నారి షర్బత్తు కలుపుదామని సోడా తెప్పిస్తే సీసాలు వేడిగా ఉంటాయి. ఫ్రీజర్‌లో పెడితే చాలాసేపు పడుతోంది. యూఎస్‌బీతో నడిచే చిన్న కూలర్ కొన్నాను గానీ, గంట గడిచినా సీసా చల్లబడలేదు. మంచి సాధనం ఏదైనా ఉందా?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, మీరు ఇంకేమీ కొనవద్దు. లోతైన స్టీలు గిన్నె, మంచుముక్కలు, గుప్పెడు కల్లుప్పు ఉంటే చాలు. గిన్నెలో సీసాను నిలబెట్టి, మెడ దాకా మంచు నింపి, ఆ మంచు తేలేంతవరకు నీళ్ళు పోయండి. చాలామంది ఈ నీళ్ళు పోయడమే మరిచిపోతారు. ఒట్టి మంచుముక్కలు సీసాను అక్కడక్కడా మాత్రమే తాకుతాయి, మిగిలిన చోటంతా గాలే ఉంటుంది. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది కనుక, ఫ్రీజర్ చల్లగాలిలో ఎంతోసేపు పట్టే పని మంచునీళ్ళలో నిమిషాల్లో ముగుస్తుంది.

ఇక ఉప్పు సంగతి. దాన్ని ఆ మంచునీళ్ళలో కలపండి. మామూలు మంచు 0 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఉప్పు కలిసినప్పుడు అంతకన్నా తక్కువ వేడిమిలోనే కరుగుతూ, అందుకు కావలసిన వేడిని చుట్టూ ఉన్న నీటి నుంచి, సీసా నుంచి లాక్కుంటుంది. పాళ్ళు సరిగ్గా కుదిరితే మైనస్ 21 దాకా దిగగల మిశ్రమం ఇది. ఇంట్లో అంత దూరం పోనక్కరలేదు. గిన్నె బయటివైపు తెల్లగా నూగులాంటి మంచు పట్టిందంటే సున్నా దాటి కిందికి దిగినట్లే. అప్పుడు సీసాను మెడ దగ్గర పట్టుకుని, కుదపకుండా, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. తిప్పకపోతే గాజును తాకే పొర చల్లబడినా నడిమి సోడా వేడిగానే మిగిలిపోతుంది. సోడా చల్లబడేకొద్దీ గ్యాస్ అందులోనే నిలుస్తుంది కనుక, మూత తీయగానే పొంగిపోయే బాధ కూడా తగ్గుతుంది.

మీ కూలర్‌లో లోపమేమీ ఉండకపోవచ్చు. కరెంటు పారితే ఒకవైపు చల్లబడి రెండోవైపు వేడెక్కుతుందని 1834లో ఫ్రాన్స్‌కు చెందిన పెల్టియే గుర్తించిన సూత్రం మీద పనిచేసే పరికరమది. అర లీటరు సోడాను 38 డిగ్రీల నుంచి 10కి దింపాలంటే సుమారు 14,000 కేలరీల వేడిని తీయాలి. 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ అందితే కూలర్‌కు దక్కేది 5 వాట్లు. అన్ని వాట్ల మేరా వేడిని తీయగలదనుకున్నా మూడు గంటలకు పైనే పడుతుంది. చల్లబరిచిన సీసాను చల్లగా నిలపడానికైతే అది కొంత పనికొస్తుంది.

మంచుకు బదులుగా గ్లాసులో వేసుకునే స్టీలు ముక్కలను కూడా నమ్ముకోవద్దు. గ్రాము మంచు కరుగుతూ 80 కేలరీల వేడిని మింగుతుంది, గ్రాము స్టీలు ఒక డిగ్రీకి మింగేది దాదాపు 0.12 కేలరీ మాత్రమే.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. గాజు సీసాను ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోకండి. నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బి సీసాను పగలగొడుతుంది. బజారు నుంచి తెచ్చిన మంచుదిమ్మ ఏ నీటితో చేసిందో తెలియదు కనుక, దానిని గిన్నెలోనే వాడండి, గ్లాసులో వేయకండి. ఉప్పునీటిలోంచి తీసిన సీసాను మంచినీళ్ళతో కడిగి, మూతి తుడిచి, ఆ తరువాతే నన్నారిలో పోయండి.