655 దగ్గర తడబడకు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. లైబ్రరీ కంప్యూటర్ కేటలాగులో పుస్తకం రికార్డు రాసేటప్పుడు 650 నంబరు గడిలో ఏం రాయాలి, 655లో ఏం రాయాలి అని టెన్షన్ పడుతున్నావని మీ నాన్న చెప్పాడు. మొదట్లో అందరం పడ్డాం.

పుస్తకం దేని గురించో చెప్పేది 650. అసలు ఆ పుస్తకం ఏమిటో, అంటే నవలో శతకమో, చెప్పేది 655. 1908 మూసీ వరదనే తీసుకో. దాని మీద చరిత్ర రాసినా, నవల రాసినా 650లో వరదలు, హైదరాబాదు తప్పవు. నవలకైతే అక్కడే ‘వి’ సబ్‌ఫీల్డులో, అంటే ఆ గడిలోనే ‘వి’ గుర్తున్న చిన్న భాగంలో, ఫిక్షన్ అని చేరుస్తాం. 655లో ‘నవలలు’ అన్న మాట మాత్రం నవలకే. బిర్యానీ వండడం నేర్పితే అది వంటల పుస్తకం. బిర్యానీ చరిత్ర చెప్తే కాదు.

నా తప్పు ఒకటి చెప్తా, నవ్వకు. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో శతకం కనిపిస్తే చాలు, సబ్జెక్టులో, అంటే 650లో, ‘శతకాలు’ అని కొట్టేసేవాణ్ణి. ఓ పరిశోధక విద్యార్థి వచ్చి శతకాల మీద విమర్శ గ్రంథాలు అడిగాడు. తెర మీద సుమతి, దాశరథి, భాస్కర... వరసగా శతకాలే! విమర్శ పుస్తకాలు నాలుగో ఐదో ఆ గుంపులో ఇరుక్కున్నాయి. సాయంత్రం దాకా ఇద్దరం వెతికాం. తర్వాత ఆ రికార్డులన్నీ దిద్దడానికి నెలన్నర పట్టింది.

655లో రాసే మాటలు సొంతంగా పుట్టించకు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల జాబితా ఉంది, ఎల్‌సీజీఎఫ్‌టీ అంటారు. 2007లో సినిమా, టీవీ పదాలతో మొదలైంది, సాహిత్యం తర్వాత చేరింది. అందులోంచి తీసుకుంటే రెండో ఇండికేటర్ (గడి మొదట్లో ఇచ్చే గుర్తు అంకె) 7, సబ్‌ఫీల్డు 2లో ఆ జాబితా పేరు. మరి మన బుర్రకథకో, అన్ని విభక్తుల్లోనూ పద్యాలు చెప్పే ‘ఉదాహరణ’ కావ్యానికో సరిపడే మాట దొరక్కపోతే? ‘పాటలు’, ‘కవిత్వం’ అని సర్దేయకు, నాకు ఒళ్లు మండుతుంది. మీ లైబ్రరీకి ఓ చిన్న జాబితా రాసిపెట్టుకుని, 2లో ‘లోకల్’ అని ఇవ్వు. అందులో ‘కథలు’ అనుకుంటే ఎప్పుడూ ‘కథలు’ అనే రాయి, ఇంకోసారి ‘కథానికలు’ అనకు. నీ తర్వాత వచ్చేవాళ్లకూ ఆ జాబితా అప్పజెప్పు.

ఇంకోటి, అట్టను నమ్మకు. పైన నవల అని అచ్చేసి లోపల విడివిడి కథలున్నవి నేనే చూశాను. ముందుమాట చదివి, మధ్యలో పది పేజీలు తిరగెయ్యి. ఎటూ తేలనివి పక్కన పెట్టి ఉంచు. బుధవారం కోఠీకి పని మీద వస్తున్నా, మీ లైబ్రరీకి వచ్చి కూర్చుంటాను.

మీ పెదనాన్న