యోఆకిం రాఫ్ సింఫనీలు వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రెండు విషయాలు అడిగారు: పంతొమ్మిదో శతాబ్దపు స్వరకర్త రాఫ్ రాసిన 11 సింఫనీలలో (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసే పెద్ద రచనలలో) ముందు ఏది వినాలి, అంత మంచి సంగీతమైతే లోకం ఎందుకు మరచిపోయింది అని. మొదటిదానికి జవాబు తేలిక. ఐదో సింఫనీ, ‘లెనోర’ (1872). అందులోనూ నేరుగా మూడో భాగానికి వెళ్లండి, అది ఒక సైనిక కవాతు. సింఫనీ అన్నాక మొదటి నుంచే వినాలని పట్టుబడితే పావుగంటకే విసుగొచ్చి కట్టేసే ప్రమాదం ఉంది.

కథ తెలిస్తే ఇంకా బాగుంటుంది. జర్మన్ కవి బ్యూర్గర్ రాసిన గాథాకవిత దీనికి మూలం. యుద్ధానికి వెళ్లిన ప్రియుడు తిరిగి రాడు. లెనోర దేవుణ్ని నిందిస్తుంది. అర్ధరాత్రి గుర్రం మీద ఒక మనిషి వచ్చి ఆమెను ఎక్కించుకుని వెళతాడు. ఆ ప్రయాణం శ్మశానంలో ముగుస్తుంది. రాఫ్ ఈ కథను చివరి భాగానికే ఉంచి, ముందు ప్రేమను, తర్వాత ఎడబాటును చెప్పాడు. ఆ ఎడబాటే ఈ కవాతు.

ఊరేగింపు వీధి మలుపు తిరిగి మన గుమ్మం ముందుకొచ్చి దాటిపోయినట్టు ఉంటుంది దాని నడక. మొదట ఎక్కడో దూరంగా వినిపిస్తుంది. వాద్యాలు ఒక్కొక్కటే చేరతాయి, చూస్తుండగానే ఆర్కెస్ట్రా అంతా మన మీదికి వచ్చేస్తుంది. ఉన్నట్టుండి సంగీతం మారి, వయొలిన్లూ సెల్లోలూ ఆత్రంగా ఒకదాని మాటకు ఒకటి అడ్డుపడుతూ పలుకుతాయి. అది ప్రేమికుల వీడ్కోలు. మళ్లీ కవాతు మొదలై, ఈసారి దూరమవుతూ మాయమవుతుంది. చివరి భాగంలో తీగవాద్యాలు గుర్రపు పరుగు అందుకుంటాయి, పాత బాణీలు మధ్యలో తొంగిచూస్తాయి. అంత గగ్గోలు తర్వాత ప్రశాంతమైన ప్రార్థనా గీతంతో సింఫనీ ముగుస్తుంది.

నేను కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవాణ్ని. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ సంగీతం వింటుంటే నాలుగైదు గొంతులు ఒకేసారి మాట్లాడుతున్నట్టుండి, దేన్ని పట్టుకోవాలో తెలిసేది కాదు. రాఫ్‌తో ఆ ఇబ్బంది రాలేదు. బాణీ ఎప్పుడూ పైకి తేలి కనిపిస్తుంది, దాని చుట్టూ వాద్యాల రంగులు మారుతుంటాయి. ఆర్కెస్ట్రాలో ఏ వాద్యం ఏం చేస్తుందో నా చెవికి పట్టుబడింది ఇతని వల్లే. స్కోర్లు (అన్ని వాద్యాల స్వరాలూ వరుసలుగా రాసిన ప్రతులు) ఐఎంఎస్‌ఎల్‌పీ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. నొటేషన్ అంతగా రాకపోయినా ఏ వరుసలో చుక్కలు కదులుతున్నాయో చూస్తూ వింటే చాలు.

ఇక మరపు సంగతి. రాఫ్ 1822లో స్విట్జర్లాండ్‌లోని లాఖెన్‌లో పుట్టాడు. బడిపంతులుగా పనిచేస్తూ సొంతంగా సంగీతం నేర్చుకున్నాడు. 1845లో పేరుమోసిన పియానో విద్వాంసుడు, స్వరకర్త లిస్ట్ కచేరీ కోసం జూరిక్ నుంచి బాసెల్‌కు వానలో నడిచి వెళ్లాడట. తడిసి ముద్దయి వచ్చిన ఆ కుర్రాణ్ని లిస్ట్ వేదిక మీదే కూర్చోబెట్టుకున్నాడని చెబుతారు. తర్వాత జర్మనీలోని వైమార్‌లో లిస్ట్‌కు సహాయకుడై, ఆయన రచనలను ఆర్కెస్ట్రాకు మలచడంలో చేయి వేశాడు. 1870లలో జర్మనీలో రాఫ్‌ది చాలా పెద్ద పేరు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో హోఖ్ కన్సర్వేటరీ అనే సంగీత పాఠశాలకు తొలి డైరెక్టరై, పేరున్న పియానిస్టు క్లారా షూమన్‌ను అధ్యాపకురాలిగా పిలిపించాడు. 1882లో చనిపోయాడు. ఆ తర్వాత పేరు మరుగున పడడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

నా లెక్కలో కారణాలు రెండు. పొట్టకూటి కోసం డ్రాయింగ్ రూముల్లో వాయించుకునే చిన్న ముక్కలు కుప్పలుగా రాశాడు. రచనల సంఖ్య 200 దాటింది. విమర్శకులకు అదొక సాకు దొరికింది. రెండోది, సంగీతం కథ చెప్పాలనే లిస్ట్ వర్గానికీ, పాత చట్రాన్నే నమ్ముకున్న బ్రామ్స్ వర్గానికీ అప్పట్లో నడిచిన తగువులో ఇతనికి పక్షం లేదు. సింఫనీలకు కథల పేర్లు పెట్టి లిస్ట్ వైపు మొగ్గాడు, లోపల పాత చట్రం వదలక బ్రామ్స్ వైపు నిలిచాడు. తమవాడని వెనకేసుకొచ్చేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అయినా తప్పంతా లోకానిదే అనను. ఉన్న బాణీని అవసరానికి మించి తిప్పితిప్పి వాయించే అలవాటు ఇతనికి ఉంది.

రికార్డింగుల విషయానికొస్తే, ‘సైకో’ చిత్రానికి సంగీతం కూర్చిన బెర్నార్డ్ హెర్మన్ 1970లో లండన్ ఫిల్హార్మోనిక్‌తో ‘లెనోర’ను రికార్డు చేశాడు. అతని కవాతు నెమ్మదిగా, బరువుగా నడుస్తుంది. కండక్టర్ నీమె యార్వి స్విస్ రొమాండ్ ఆర్కెస్ట్రాతో చేసినది పరుగో పరుగు. నా ఓటు హెర్మన్‌కే, చివరి భాగానికి మాత్రం యార్వి. సింఫనీలన్నీ ఒకే చేతి మీదుగా కావాలంటే బాంబెర్గ్ సింఫనీతో హాన్స్ స్టాడ్ల్‌మైర్ చేసినవి ఉన్నాయి.

‘లెనోర’ నచ్చితే మూడో సింఫనీ ‘అడవిలో’ (1869) వినండి. పగటితో మొదలై, సంజ మసకలో వనదేవతల నాట్యం, రాత్రి జర్మన్ పురాణ దేవుడు వోటాన్ వేట, చివరికి తెల్లవారడం. సింఫనీలు బరువనిపిస్తే పది గాలివాద్యాల కోసం రాసిన ‘సిన్ఫోనియెట్టా’ అనే చిన్న సింఫనీ హాయిగా సాగిపోతుంది. మొదటి సింఫనీని మాత్రం అన్నిటికన్నా ఆఖరున పెట్టుకోండి. 1863లో వియన్నాలో బహుమతి గెలిచింది గానీ గంటకు పైగా నడుస్తుంది. నేను పూర్తిగా విన్నాను. బహుమతి ఇచ్చిన న్యాయనిర్ణేతల ఓపికకు దండం పెట్టాలనిపించింది.