ఆ నాలుగు ఫోన్లూ నీ పేరు మీద వద్దు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి గంటసేపు నీ గురించే చెప్పింది. "మన పిల్ల పెద్దదైపోయిందిరా తమ్ముడూ, రూములో నలుగురికీ తనే కొత్త ఐఫోన్లు ఇప్పిస్తోందట. దాని పేరు మీదైతేనే ఇస్తారట, మిగతా పిల్లలకి ఇవ్వరట" అని ఒకటే మురిసిపోయింది. నాకూ సంతోషంగానే ఉంది. సెలవులకి వచ్చినప్పుడల్లా నా నోకియా లాక్కుని మంచం కింద దూరి పాము ఆట ఆడిన పిల్లవి, ఇవాళ టెక్సాస్ ఇర్వింగ్‌లో ఉద్యోగం చేసుకుంటూ పదిమందికి సాయపడుతున్నావంటే ఏ మేనమామకి ఆనందంగా ఉండదు?

ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. "మళ్ళీ ఏమొచ్చిపడింది?" అంది మీ అత్త. "ఇర్వింగ్‌లో నాలుగు ఫోన్లు" అన్నాను. తనింకేమీ అడగలేదు. ఆ కథ తనకి తెలుసు. మీ అమ్మకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు కాబట్టి నీకు తెలిసే వీల్లేదు.

ముందు మామూలు సంగతులు చెప్పేస్తాను. షాపులో కుర్రాడు టాబ్లెట్ మీద వేలితో సంతకం పెట్టమంటే ఆగి చదువు. ఇన్సూరెన్స్ వాడు చెప్పగానే ఒప్పుకోకు. మొదటి బిల్లులో యాక్టివేషన్ ఫీజూ గీజూ కలిసి ఎక్కువే వస్తుంది, కంగారు పడకు. ఫోను ఫ్రీ అన్నా దాని మీద టాక్స్ ఫ్రీ కాదు. పూర్తి ధర మీద లెక్కగట్టి ఆ రోజే వసూలు చేస్తారు. మీ ఊళ్ళో 8.25 శాతం. 800 డాలర్ల ఫోన్లు నాలుగంటే 264 డాలర్లు కౌంటర్లోనే కట్టి బయటికి రావాలి. ఈ మాట మీ రూమ్మేట్లకి ఎవరైనా చెప్పారా?

ఇక నా సంగతి.

2010లో న్యూజెర్సీ ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్ళేంత దూరంలో, రెండు బెడ్‌రూముల అపార్టుమెంటులో నలుగురం ఉండేవాళ్ళం. అప్పట్లో ఇక్కడ ఫోనుకి పూర్తి ధర పెట్టేవాడు చాలా అరుదు. 649 డాలర్ల ఫోను 199కే చేతిలో పెట్టేవాళ్ళు, రెండేళ్ళ కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకునేవాళ్ళు. మిగతా 450 కంపెనీవాడు దయతలిచి వదిలేశాడని మా అమాయకత్వం. దయ ఎక్కడిది, ఆ డబ్బు నెలవారీ ప్లానులో కలిపేసి గుంజేవాళ్ళు. 24 నెలలకి పంచితే నెలకి 18 డాలర్ల ముప్పావలా. రెండేళ్ళు నిండి ఆ 450 తీరిపోయినా బిల్లు ఒక్క డాలరు తగ్గేది కాదు, అదీ కిటుకు. మధ్యలో మానేస్తే లైనుకి 350 డాలర్ల జరిమానా. నెల గడిచేకొద్దీ పదేసి డాలర్లు తగ్గేది.

మా నలుగురిలో క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పు తీసుకుని తీర్చిన రికార్డు, ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మిగతా ముగ్గుర్నీ లైనుకి 500 డాలర్ల డిపాజిట్ కట్టమన్నారు. నన్ను అడగలేదు. మాల్లో కౌంటరమ్మాయి కంప్యూటర్లోకి చూసి "యూ ఆర్ గుడ్" అన్నప్పుడు నా ఛాతీ రెండంగుళాలు పొంగిందంటే నమ్ము. నాలుగు లైన్లూ నా పేరునే రాయించాను. ఫ్యామిలీ ప్లాను, నలుగురికీ కలిపి నెలకి 1400 నిమిషాలు. రాత్రి తొమ్మిది దాటాక, శని ఆదివారాల్లో మాట్లాడుకున్నది ఫ్రీ. ఇంటికి చేసే కాలింగ్ కార్డు నంబరు కొట్టినా ఆ నిమిషాలే కరిగేవి. అందుకని తొమ్మిది కాగానే బాల్కనీలో ఒకడు, బాత్రూములో ఒకడు, మెట్ల మీద ఒకడు, అందరూ "అమ్మా, లేచావా" అనేవాళ్ళే.

ప్రతి నెలా మొదటి ఆదివారం నేను బిల్లు ప్రింటు తీసి, ఎవడెన్ని నిమిషాలు ఎక్కువ వాడాడో పసుపు పెన్నుతో గీసి, ఫ్రిజ్ తలుపుకి అతికించేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడు ఆ ఇంటికి పెద్దకొడుకుని నేనే అన్నట్టుండేది. నిన్న మీ అమ్మ మాట్లాడుతుంటే నాకు ఆ ఫ్రిజ్ తలుపే గుర్తొచ్చింది.

ఎనిమిదో నెలలో తెనాలోడి ప్రాజెక్టు పోయింది. (వాణ్ణి ఎవరూ పేరుపెట్టి పిలిచింది లేదు.) బెంచి మీద, అంటే పని లేకుండా కంపెనీ జీతం మీద, మూడు వారాలున్నాడు, తర్వాత జీతం ఆపేశారు, వీసా ముడిపడి ఉంది కదా, ఇక ఉండే దారి లేదు. ఒక గురువారం రాత్రి రెండు సూట్‌కేసులు సర్దుకున్నాడు. నేనే నూఅర్క్ ఎయిర్‌పోర్టులో దింపాను. "బావా, ఫోను సంగతి వెళ్ళాక చూస్తాను" అన్నాడు. "ఇప్పుడు అదా ముఖ్యం" అన్నాను. ఫోను వాడి జేబులోనే వెళ్ళిపోయింది. హైదరాబాద్ జగదీష్ మార్కెట్లో లాకు తీయించి తమ్ముడికి ఇచ్చాడని తర్వాత తెలిసింది. అదే నెలలో ఖమ్మం వాడు కాలిఫోర్నియా మారి, ఆఫీసువాళ్ళు ఫోనిచ్చారని నా లైను వదిలేశాడు.

కోపంకొద్దీ ఆ రెండు లైన్లూ తీయించేశాను. 270, 270, కలిపి 540 డాలర్లు. పైన ఆఖరి నెల బిల్లులు. కాగితాల మీద ఎక్కడా వాళ్ళ పేర్లు లేవు, కట్టాల్సింది నేనే. నేను కట్టలేదు. వదిలేసి పోయింది వాళ్ళైతే నేనెందుకు కట్టాలని పౌరుషం. సంతకం పెట్టడం ఒక తప్పైతే, ఇది దాన్ని మించిన తప్పు. ఇంతలో ఇల్లు మారాను, ఉత్తరాలన్నీ పాత అడ్రసుకి వెళ్ళాయి, బాకీ కలెక్షన్స్‌కి, అంటే మొండి బాకీలు వసూలు చేసేవాళ్ళకి, వెళ్ళింది. 2012లో ఇల్లు కొనుక్కుందామని మీ అత్తతో బ్యాంకుకి వెళ్తే, లోను చూసే ఆయన నా క్రెడిట్ రిపోర్టు మావైపు తిప్పి ఒక గీత మీద పెన్ను పెట్టాడు. అది రిపోర్టులో ఏడేళ్ళు ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు. ఇల్లు వాయిదా పడింది. మీ అత్తకి అప్పుడు ఐదో నెల. ఆ చలికాలమంతా లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తుకి సామాన్లు పట్టుకుని ఎక్కింది. ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

తెనాలోడికి మూడుసార్లు మెయిల్ పెట్టాను. రెండోదానికి జవాబిచ్చాడు, ఉద్యోగం వెతుక్కుంటున్నాను, కొంచెం ఆగమని. మూడోదాంట్లో నేను రాయకూడని మాట రాశాను. మళ్ళీ వాణ్ణి చూసింది 2019లో, విజయవాడలో ఒక పెళ్ళిలో. ఎదురు బంతిలో కూర్చున్నాడు. నన్ను చూశాడు. వడ్డన ఇంకా సగంలో ఉండగానే లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. ఆకులో పులిహోర పెట్టింది పెట్టినట్టే ఉంది.

మామయ్యా అది రాతియుగం, ఇప్పుడు కాంట్రాక్టులెక్కడున్నాయి అంటావు. నిజమే, లేవు. 2013 మార్చిలో టీ-మొబైల్ వాళ్ళు ఫోను ధర వేరు, ప్లాను ధర వేరు చేశారు. ఐఫోన్ 5కి ముందు 99 కట్టి, ఆపైన 24 నెలలు ఇరవయ్యేసి డాలర్లు కడితే చాలు, అది తీరగానే బిల్లులోంచి ఆ ఇరవై పోయేది. ఆ వేసవికే మిగతావాళ్ళూ వాయిదాల బాట పట్టారు. 2014 జనవరిలో అయితే, వేరే కంపెనీ నుంచి వచ్చేవాళ్ళ జరిమానా లైనుకి 350 దాకా మేమే కడతామంది టీ-మొబైల్. నాకు నాలుగేళ్ళు ఆలస్యంగా దొరికిన దాతలు! 2015 ఆగస్టులో వెరైజన్ కొత్తవాళ్ళకి కాంట్రాక్టులు మానేసింది, 2016 జనవరిలో ఏటీ అండ్ టీ మానేసింది. అప్పుడు సంబరపడ్డవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పు అప్పులాగే కళ్ళకి కనబడటం మంచిదే కదా, నా 450 లాగా ప్లానులో నక్కి కూర్చోదు.

తర్వాత నెలలు సాగడం మొదలయ్యాయి. 2021లో ఏటీ అండ్ టీ, 2022లో వెరైజన్ వాయిదాల్ని 36 నెలలకి లాగాయి. ఫ్రీ ఫోన్ బోర్డులు మళ్ళీ లేచాయి. ఆ ఫ్రీ ఎలా ఉంటుందో చూడు. 800 డాలర్లూ నీ పేరున అప్పు రాస్తారు. ప్రతి నెలా బిల్లులో ఒక గీతలో 22 డాలర్ల 22 సెంట్లు వేస్తారు, దాని కింద గీతలో అంతే క్రెడిట్ అని తీసేస్తారు. చివరికి సున్నా. ఆ లైను 14 నెలలయ్యాక ఆపేశావనుకో, క్రెడిట్ ఆగిపోతుంది, అప్పు ఆగదు. మిగిలిన 22 నెలలదీ, 488 డాలర్ల చిల్లర, ఒక్కసారే వచ్చి పడుతుంది. నా రోజుల జరిమానాయే నయం, ఎంత పడినా లైనుకి 350 దాటేది కాదు.

36 నెలలు అనగానే నాకు ఇంకో 36 తట్టింది. చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే నీ ఓపీటీ 12 నెలలు, దాని మీద సైన్సూ ఇంజనీరింగూ చదివినవాళ్ళకిచ్చే స్టెమ్ ఎక్స్‌టెన్షన్ 24. అందులో అయిదు అప్పుడే అయిపోయాయి. అంటే ఈ శనివారం నువ్వు తీసుకునే అప్పు నీ ఓపీటీ కన్నా పెద్దది. నీ మాటెలా ఉన్నా, ఆ ముగ్గురిలో ఇద్దరికి ఇంకా ఉద్యోగమే దొరకలేదని అక్క అంది. ఉద్యోగం లేకుండా ఉండనిచ్చేది తొంభై రోజులే. ఏ పిల్ల ఏ ఊరు పోతుందో, ఏ వారం ఇంటికి టికెట్ తీసుకోవాల్సి వస్తుందో ఆ పిల్లకే తెలీదు. వాళ్ళు మంచి పిల్లలు కారని అనడం లేదు. తెనాలోడు కూడా మంచివాడే. నాకు జ్వరమొస్తే రాత్రి రెండింటికి లేచి మిరియాల చారు కాచాడు.

దీన్ని మనూళ్ళో షూరిటీ పెట్టడం అంటారు. ఎవరిదో మోటారు లోనుకి మీ తాతయ్య సొసైటీలో షూరిటీ సంతకం పెడితే, నోటీసు తెచ్చి మనింటి తలుపుకి అంటించారు. అప్పటికి నువ్వు పుట్టలేదు. ఆ జిగురు మరక ఎన్నేళ్ళుందో మీ అమ్మని అడుగు. ఆయన కొడుకునై ఉండి నేను మళ్ళీ అదే పని చేశాను చూడు.

క్రెడిట్ స్కోరు పెరుగుతుందని కూడా అన్నావట. ఎవరు చెప్పారే నీకు? ఈ ఫోను వాయిదాలు బుద్ధిగా కడుతుంటే ఆ సంగతి మామూలుగా క్రెడిట్ రిపోర్టులు రాసే బ్యూరోలకి చేరనే చేరదు. ఎగ్గొట్టి కలెక్షన్స్‌కి వెళ్తే మాత్రం నిక్షేపంగా చేరుతుంది. అప్పు తీరేదాకా ఫోనుకి కంపెనీ లాకు కూడా ఉంటుంది చాలాసార్లు. డిసెంబర్లో మీ అన్న పెళ్ళికి వెళ్ళి అక్కడి ఈ-సిమ్ వేసుకుందామంటే పట్టదు. అమెరికా ఐఫోన్లకి 14 నుంచీ మామూలు సిమ్ము పెట్టుకునే చోటే తీసేశారు. రోమింగ్‌కి చాలా ప్లాన్లలో రోజుకి పది డాలర్ల పైన లాగుతారు. పెళ్ళిలో ఫోన్ పట్టుకుని వైఫై ఎక్కడుందని తిరుగుతావా?

లైన్లు నాలుగూ కలిపితే ఒక్కొక్కరికీ బాగా మిగులుతుంది, నేను కాదనను. కలుపుకోండి. ఫోన్లు మాత్రం ఎవరివి వాళ్ళు బయట కొనుక్కుని, అన్‌లాక్ చేసినవే తెచ్చుకుని చేరమను. ఎవరైనా వెళ్ళిపోతే ఆ నెలతో ఆ లైను తీసేస్తావు, ఎవరికీ ఎవరూ బాకీ ఉండరు. కొత్తది కొనే స్తోమత లేకపోతే రెండేళ్ళ కిందటి మోడల్ రీఫర్బిష్డ్‌ది తీసుకోమను, ఫొటోలు బాగానే వస్తాయి. ఉద్యోగం లేని పిల్లలు ప్రీపెయిడ్ తీసుకుంటే ఇంకా మేలు, క్రెడిట్ చెక్ అన్న మాటే ఉండదు. ముఖం మీద కాదనలేకపోతే మా మామయ్య పడనివ్వలేదని చెప్పు. ముసలాడు చాదస్తుడు అనుకోనీ. నన్ను వాళ్ళు తిట్టుకున్నా ఫరవాలేదు, రేపు నువ్వు వాళ్ళని తిట్టుకోకూడదు.

నా పాత ఫోను డ్రాయర్లో ఊరికే పడి ఉంది. అప్పు తీరింది, లాకు లేదు, బ్యాటరీ కొత్తది వేయించాను. ఇవాళ నీకు పోస్టు చేశాను. అందులో మీ అత్త కందిపొడి కూడా పెట్టింది, డబ్బా మూతకి టేపు వేసింది, కత్తెరతో కొయ్యి, పళ్ళతో లాగకు. శనివారం షాపుకి బయల్దేరే ముందు ఒక్కసారి నాకు ఫోన్ చెయ్యి. తొమ్మిదయ్యేదాకా ఆగక్కర్లేదు, ఇప్పుడు ఎప్పుడు చేసినా ఫ్రీయే.

మీ మామయ్య