చేప ప్రోటీన్‌కు చక్కెర తోడైతే: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: చేప ప్రోటీన్‌ను చక్కెరతో కలిపి వేడి చేస్తే దాని యాంటీ ఆక్సిడెంట్ గుణం పెరుగుతుందని ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదువుతున్న మా అబ్బాయి చెబుతున్నాడు. అయితే వంజరం ముక్కలకు కాస్త చక్కెర పట్టించి ఎర్రగా వేయిస్తే ఒంటికి మంచిదేనా? మా అత్తగారు చేపల పులుసులో చిన్న బెల్లం ముక్క వేస్తారు. దానివల్లా ఇదే మేలు కలుగుతుందా?
– ఒక పాఠకురాలు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

సమాధానం: మీ అబ్బాయి చెప్పిన మాట నిజమే. ఆక్సిజన్ వల్ల పదార్థాలు చెడిపోకుండా అడ్డుకునే గుణాన్నే యాంటీ ఆక్సిడెంట్ గుణం అంటారు. కాని ఆ మాటను ప్రయోగశాల నుంచి పెనం మీదికి తెచ్చేముందు ఆలోచించవలసినవి చాలా ఉన్నాయి.

ప్రోటీన్‌లోని ఎమైనో సమూహాలు (నైట్రోజన్ ఉండే భాగాలు), వాటిలోనూ ముఖ్యంగా లైసిన్ అనే ఎమైనో ఆమ్లం చివరన ఉండే సమూహం, గ్లూకోజ్ వంటి చక్కెరలతో వేడికి కలిసిపోతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మెయిలార్డ్ 1912లో దీన్ని వివరించారు కనుక మెయిలార్డ్ చర్య అంటారు. దోసె ఎర్రబడేదీ, వేయించిన వేరుశనగ గుళ్లకు కమ్మని వాసన వచ్చేదీ చాలావరకు దీనివల్లనే. తొలిదశలో పుట్టే పదార్థాలకు రంగు ఉండదు. వేడి కొనసాగితే అవి చీలి, మళ్లీ ఒకదానితో ఒకటి కలిసి, చివరకు మెలనాయిడిన్లు అనే గోధుమరంగు పెద్ద అణువులుగా మారతాయి. మన ఒంట్లోనూ తొలిదశ నెమ్మదిగా జరుగుతూనే ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి చేసే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కొలిచేది ఇలా గ్లూకోజ్ అతుక్కున్న హిమోగ్లోబిన్‌నే.

యాంటీ ఆక్సిడెంట్ గుణం ఎక్కువగా మధ్య, చివరి దశల్లో పుడుతుంది. అక్కడ ఏర్పడే పదార్థాలు ఫ్రీ రాడికల్స్‌కు, అంటే చుట్టుపక్కల అణువులను పాడుచేసే చురుకైన అణువులకు, హైడ్రోజన్‌ను ఇచ్చి వాటిని శాంతపరుస్తాయి. ఇనుము, రాగి వంటి లోహాలను పట్టి ఉంచి వాటివల్ల కొవ్వు చెడకుండా ఆపుతాయి. చేప విషయంలో ఈ రెండో పని చాలా విలువైనది, ఎందుకంటే ఒమేగా-3 ఉన్న చేప కొవ్వు గాలి తగిలితే త్వరగా పాడవుతుంది, కానాగంతల వంటి చేపల్లోని ముదురురంగు కండలో ఉండే ఇనుము ఆ పాడును ఇంకా తొందరపెడుతుంది. అందుకే పరిశోధకులు చేపల తలలు, చర్మం, ముళ్లకు అంటుకుని మిగిలిపోయిన కండ వంటివాటిని ఎంజైములతో చిన్న చిన్న పెప్టైడ్లుగా (ఎమైనో ఆమ్లాల పొట్టి గొలుసులుగా) విడగొట్టి, వాటికి గ్లూకోజో, జైలోజో, రైబోజో కలిపి వేడి చేసి చూస్తున్నారు. ఐదు కార్బన్ల రైబోజ్, జైలోజ్ ఆరు కార్బన్ల గ్లూకోజ్ కంటే చురుకుగా పనిచేస్తాయి. ద్రావణం క్షారగుణం వైపు ఉంటే చర్య ఇంకా వేగంగా సాగుతుంది. అయితే గుణం ప్రతిసారీ పెరుగుతుందనుకోకూడదు. హిస్టిడిన్, సిస్టీన్ వంటి ఎమైనో ఆమ్లాల వల్ల పెప్టైడ్లకు స్వతహాగానే కొంత యాంటీ ఆక్సిడెంట్ శక్తి ఉంటుంది. చర్యలో అవి కూడా ఖర్చయిపోతాయి కనుక, వచ్చిన దానిలోంచి పోయినదాన్ని తీసివేసి చూసుకోవాలి.

ఈ గుణాన్ని కొలిచే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది డీపీపీహెచ్ పరీక్ష. డీపీపీహెచ్ అనే ఫ్రీ రాడికల్ ఉన్న చిక్కని ఊదారంగు ద్రావణంలో నమూనాను కలిపి, వెలుతురు తగలకుండా కొంతసేపు ఉంచుతారు. యాంటీ ఆక్సిడెంట్ ఉంటే ఊదా వెలిసి పసుపు వైపు తిరుగుతుంది. ఎంత వెలిసిందో 517 నానోమీటర్ల కాంతి దగ్గర పరికరంతో చదువుతారు. ఇక్కడ ఒక మెలకువ అవసరం: మెయిలార్డ్ నమూనాకు తనదే గోధుమరంగు ఉంటుంది గనుక, ఆ రంగును విడిగా కొలిచి తీసివేయకపోతే లెక్క తప్పుతుంది. మీ అబ్బాయికి ఈ మాట తప్పక చెప్పండి. ఇంకొకటి, ఈ పరీక్ష చెప్పేది గాజు గొట్టంలో జరిగినదాన్ని మాత్రమే. మెలనాయిడిన్లలో ఎక్కువ భాగం పేగుల్లో రక్తంలోకి ఎక్కకుండానే పెద్దపేగుకు చేరుతుంది. కనుక గొట్టంలో కనిపించిన బలమంతా ఒంట్లో కనిపిస్తుందని చెప్పడానికి వీల్లేదు.

ఇక మీ వంట సంగతి. మనం వాడే తెల్ల చక్కెర సుక్రోజ్. అది ఉన్నదున్నట్టుగా ఈ చర్యలో పాల్గొనదు. ముందు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోవాలి. బెల్లంలో ఆ రెండూ కొంత సహజంగానే ఉంటాయి, చింతపండు పులుపు మిగిలిన సుక్రోజ్‌లో కొంత భాగాన్ని విడగొడుతుంది కూడా. కాని అదే పులుపు ఎమైనో సమూహాలను చర్యకు పనికిరాకుండా చేస్తుంది. పైగా నీళ్లతో మరిగే పులుసు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మీ అత్తగారు వేసే బెల్లం పులుపును సర్దుతుంది, రుచిని నిలబెడుతుంది, అది చాలు. యాంటీ ఆక్సిడెంట్ పేరు చెప్పి ఇంకో ముక్క వేయవలసిన పని లేదు.

వేపుడుకు చక్కెర పట్టించవద్దనే నా సలహా. చేప చనిపోయాక కండలోని శక్తి పదార్థమైన ఏటీపీ విడిపోతూ రైబోజ్‌ను వదులుతుంది, కనుక ముక్క ఎర్రబడటానికి కావలసిన చక్కెర దానిలోనే కొంత ఉంటుంది. పైనుంచి చక్కెర వేస్తే ముక్క లోపల ఉడికేలోపు పైపొర మాడుతుంది. బాగా మాడిన చేపలో హెటిరోసైక్లిక్ ఎమీన్లు అనే పదార్థాలు ఏర్పడతాయి, వాటిలో కొన్ని జంతువుల్లో క్యాన్సర్ కలిగించాయి. పైగా చక్కెరకు అతుక్కుని బిగిసిపోయిన లైసిన్ మన ఒంటికి అందదు. అన్నమే ప్రధానంగా తినే మనకు తక్కువ పడేది లైసినే, చేపలో పుష్కలంగా దొరికేదీ అదే. దాన్ని చేజేతులా పోగొట్టుకోవడం నాకు న్యాయంగా తోచడం లేదు. రొయ్యల మేతలో వాడే చేపపొడిని అతిగా వేడి చేసి ఆరబెడితే దాని పోషక విలువ తగ్గడానికి కూడా లైసిన్ ఇలా బిగిసిపోవడం ఒక కారణం. ముక్క బంగారు రంగుకు రాగానే తీసేయండి.

ప్రశ్న: మేము ఎండబెట్టి దాచుకున్న నెత్తళ్లు నెలలు గడిచేకొద్దీ పసుపు, గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. ఇది కూడా పైన చెప్పే మంచి మార్పేనా?
– ఒక పాఠకుడు, జువ్వలదిన్నె, నెల్లూరు జిల్లా

సమాధానం: కాదండీ. ఇది చాలావరకు కొవ్వు చెడటం వల్ల వచ్చే రంగు. గాలి తగిలి కొవ్వు విరిగినప్పుడు పుట్టే ఆల్డిహైడ్లు ప్రోటీన్‌లోని ఎమైనో సమూహాలతో కలిసి గోధుమరంగునిస్తాయి. చక్కెరతో జరిగే చర్యను పోలినదే అయినా, ఇక్కడ రంగు కనబడేసరికే కొవ్వు పాడైపోయి ఉంటుంది. ముక్కను విరిచి వాసన చూడండి. పాతబడిన నూనె వాసన కొడితే వండకండి. ఇకమీదట చేపలను ఇసుక మీద కాకుండా ఎత్తైన పందిరి మీద బాగా ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లో నింపి, వెలుతురు, వేడి తగలని చోట దాచండి. కొద్దికొద్దిగా వేర్వేరు డబ్బాల్లో పోసుకుంటే ఒకటి తెరిచినప్పుడు మిగిలినవాటికి గాలి తగలదు.