పల్లెల్లో ఆపద వేళ డ్రోన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఏరు పొంగి దారి తెగితే, 5 కిలోమీటర్ల అవతలున్న ఆరోగ్య కేంద్రానికి డ్రోన్‌లో మందులు పంపాం. వెళ్లడానికి పావు వంతు ఛార్జి కూడా ఖర్చవలేదు. తిరిగొస్తూ సగం దారిలోనే దిగిపోయింది. రెండో విడత మందులు ఆ రాత్రి పంపలేకపోయాం. బ్యాటరీ పాడైందా?

జవాబు: బ్యాటరీని అనుమానించే ముందు ఆ రోజు గాలి ఎటు వీచిందో గుర్తు తెచ్చుకోండి. మీ డ్రోన్ వేగం సెకనుకు 15 మీటర్లనుకుందాం. వెనక నుంచి 8 మీటర్ల గాలి తోస్తే అది 23 అవుతుంది. 5 కిలోమీటర్లు నాలుగు నిమిషాల్లోపే అయిపోతాయి. వచ్చేటప్పుడు అదే గాలికి ఎదురెక్కాలి. మిగిలేది 7 మీటర్లే, అంటే 12 నిమిషాలు. మందుల బరువు దించేసినా ఈ తేడా పూడదు. అందుకే ‘సగం ఛార్జి దాకా వెళ్లి తిరగొచ్చు’ అన్న లెక్క గాలి రోజున కొంప ముంచుతుంది. ముందు తిరుగు దారికి ఎన్ని నిమిషాలో లెక్క కట్టండి. దిగేసరికి 25 శాతం మిగిలేట్టయితేనే పంపండి. కింద చెట్ల కొమ్మలు కదలడం చూసి పైగాలిని అంచనా వేయొద్దు. 50 మీటర్లకు లేపి ఒక నిమిషం నిలిపితే ఎంత ఒరిగి నిలబడుతోందో తెలుస్తుంది. ఎంత ఎక్కువ ఒరిగితే పైన గాలి అంత ఎక్కువ, అదే నిజం చెబుతుంది.

మరో మాట. తెర మీద కనిపించే ఎత్తు సాధారణంగా బయలుదేరిన చోటి నుంచి కొలిచింది, కింద ఉన్న నేల నుంచి కాదు. దారిలో 80 మీటర్ల గుట్ట ఉండి, ‘రిటర్న్ టు హోమ్’ (సిగ్నల్ తెగితే డ్రోన్ తనంతట తానే బయలుదేరిన చోటికి తిరిగొచ్చే ఏర్పాటు) ఎత్తు 60 దగ్గరే వదిలేస్తే డ్రోన్ తిన్నగా వెళ్లి గుట్టకు కొట్టుకుంటుంది. పైగా సిగ్నల్ తెగేది గుట్ట చాటుకు వెళ్లినప్పుడే. గుట్ట ఎత్తుకు, దాని మీది చెట్ల ఎత్తుకు మరో 30 మీటర్లు కలిపి పెట్టండి.

ప్రశ్న: తప్పిపోయిన వృద్ధుడి కోసం మధ్యాహ్నమంతా థర్మల్ కెమెరాతో వెతికాం. తెరంతా తెల్లగా వెలిగిపోయింది. కెమెరా లోపమా?

జవాబు: కాదు. ఆ కెమెరాకు కనిపించేది వేడి కాదు, వేడిలో తేడా. మిట్టమధ్యాహ్నం రాళ్లూ మట్టీ మనిషి ఒంటి వేడికి చేరాక ఆయన వాటిలో కలిసిపోతాడు. తెల్లవారకముందు వెతకండి, అప్పటికి నేల బాగా చల్లారి ఉంటుంది. ఎత్తూ చూసుకోవాలి. 640 పిక్సెళ్ల (చిత్రంలోని చుక్కల) వెడల్పు, 12 మైక్రాన్ల పిక్సెల్, 13 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న కెమెరాకు 100 మీటర్ల ఎత్తులో ఒక్కో పిక్సెల్ నేల మీద 9 సెంటీమీటర్లు. మనిషి భుజాలు ఐదు చుక్కలు, అంతే. అలసిన కంటికి అవి ఆనవు. 60 మీటర్లకు దిగితే ఎనిమిది చుక్కలవుతాయి, కాకపోతే చూపు వెడల్పు 35 మీటర్లకు తగ్గుతుంది. అందుకే డ్రోన్ ఎగిరే వరసకూ వరసకూ మధ్య 28 మీటర్లు పెట్టుకోండి. దట్టమైన ఆకుల కింద ఉన్న మనిషి మాత్రం ఏ ఎత్తు నుంచీ కనిపించడు. అక్కడికి మనుషులే నడిచి వెళ్లాలి.

ప్రశ్న: పాము కరిచిన మనిషి దగ్గరికే యాంటీవీనం (పాము విషానికి విరుగుడు మందు) దించొచ్చా?

జవాబు: దయచేసి వద్దు. ఆ మందుకు ఒళ్లు తీవ్రంగా ఎదురు తిరగొచ్చు. పక్కన అడ్రినలిన్ (అలా ఎదురు తిరిగితే ఇచ్చే ఇంజెక్షన్), దాన్ని ఇవ్వగలిగిన వైద్య సిబ్బంది ఉండి తీరాలి. మందు ఆరోగ్య కేంద్రానికి చేరాలి, మనిషిని కదలనీయకుండా మోసుకుని అక్కడికే తీసుకెళ్లాలి. రువాండాలో 2016 నుంచి జిప్‌లైన్ అనే కంపెనీ డ్రోన్లు రక్తం సంచులను పారాచూట్‌తో వదిలేదీ ఆసుపత్రుల దగ్గరే.

గుండె ఆగిన మనిషి దగ్గరికి డీఫిబ్రిలేటర్ (గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం) పంపడం వేరు. అది ఏం చేయాలో తనే పలికి చెబుతుంది, శిక్షణ లేనివాళ్లూ వాడగలరు. 2021 డిసెంబరులో స్వీడన్‌లో 71 ఏళ్ల వ్యక్తి డ్రోన్ తెచ్చిన డీఫిబ్రిలేటర్ సాయంతో బతికాడు. తాడుతో దించేటప్పుడు తొందరపడకండి. 20 మీటర్ల తాడుకు వేలాడే పెట్టె ఒక్క ఊపు పూర్తి చేయడానికే 9 సెకన్లు పడుతుంది. ఊపు తగ్గాకే నేలకు ఆనించండి. కింద ఉన్నవాళ్లకు ముందే ఫోన్లో చెప్పండి: ఛాతీ నొక్కడం ఆపొద్దు, పెట్టె తేవడానికి రెండో మనిషి వెళ్లాలి, తాడు పట్టి లాగొద్దు.