ముందు గాలి సంగతి తేలనీ: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. అమెరికాలోని విస్కాన్సిన్ కొండల్లో అక్టోబరు చివర ఒక సాయంత్రం, చెట్టు మీద మంచె, చేతిలో విల్లు, కింద ఎండుటాకుల్లో అడుగుల చప్పుడు. భాష బాగుంది. ఓక్ ఆకుల రంగు గురించి రాసిన పేరా దగ్గర ఆగి మళ్లీ చదువుకున్నాను. కానీ అసలు సంగతి జరిగే చోటికి వచ్చేసరికి ఒక్క వాక్యంతో దాటేశావు: "ఇంతలో గాలి మారింది, జింక పసిగట్టి పారిపోయింది." ఆ సాయంత్రం కథంతా ఆ వాక్యంలోనే ఉంది. నువ్వు దాన్ని విప్పలేదు. ఈ ఉత్తరం దాని గురించే.

గాలి మారింది అన్నావు. ఎటు నుంచి ఎటు? ఎందుకు? పొద్దుటి నుంచి వీస్తున్న గాలే దిక్కు మార్చుకుందా, లేక పైన గాలి అలాగే ఉండి లోయలో గాలి మాత్రం కిందికి జారడం మొదలుపెట్టిందా? ఈ రెండూ వేరు వేరు సంగతులు. మొదటిది వాతావరణం చేసే పని. రెండోది ఎండా కొండా కలిసి చేసే పని. మొదటిది ముందురోజే ఫోన్లో చూసుకోవచ్చు, రెండోది ఆ చెట్టు దగ్గర నిలబడితేనే తెలుస్తుంది. ఏది జరిగిందో పాఠకుడికి చెప్పకపోతే, జింక పారిపోవడం ఆ రోజు టైం బాగోక జరిగిందని అనుకుంటాడు. ఆ మధ్యాహ్నం జింక ఎక్కడ పడుకుందో అప్పుడే సగం కథ తేలిపోయిందని అతనికి తెలియాలి.

కాబట్టి పడక దగ్గర మొదలుపెట్టు. నువ్వు రాసింది డ్రిఫ్ట్‌లెస్ అని పిలిచే ప్రాంతం: విస్కాన్సిన్ నైరుతి భాగం, దాన్ని ఆనుకుని మిన్నెసోటా, అయోవా, ఇల్లినాయ్ మూలలు. మంచుయుగంలో హిమానీనదాలు చుట్టుపక్కల నేలనంతా రాసుకుంటూ పోయినా, చివరి విడతలో ఈ ముక్కని తాకలేదు. అందుకే ఇక్కడ నిటారు గట్లు, సన్నటి కొండ మొనలు, లోతైన లోయలు మిగిలాయి. ఈ సంగతి నీ వ్యాసంలో ఎక్కడా లేదు. ఉండాలి. చదును నేల మీద నడిచే గాలి వేరు, ఈ లోయల్లో చిక్కుకుని తిరిగే గాలి వేరు.

ఈ కొండల్లో ముదురు మగజింక చాలాసార్లు గట్టు కొసకి కాస్త దిగువన, వాలుని మూడు భాగాలు చేస్తే పై భాగంలో, గాలి నేరుగా తగలని వైపు పడుకుంటుంది. గాలి వాయవ్యం నుంచి వీస్తే ఆగ్నేయపు వాలు మీద. గాలి గట్టు దాటి దాని వీపు మీదుగా వస్తుంది కాబట్టి వెనక నుంచి మనిషి వచ్చినా, కాయోట్ (తోడేలు లాంటి అక్కడి జంతువు) వచ్చినా ముక్కు చెప్పేస్తుంది. ముందున్న లోయని కళ్లు చూసుకుంటాయి. ఇక్కడితో ఆగిపోయే రచయితలు చాలామంది. ఇంకో గాలి కూడా ఉంది. ఎండకి వాలు వేడెక్కాక లోయలోంచి గాలి మెల్లగా పైకి ఎగబాకుతుంది. కింద వాగు పక్కన నడిచేవాడి వాసన కూడా పడక దాకా చేరుతుంది. గట్టు దాటి వచ్చే గాలీ, లోయ నుంచి లేచే గాలీ కలిసే చోట జింక కూర్చుని నెమరు వేసుకుంటోంది. నాకు ఈ అడవిలో అన్నిటికంటే అబ్బురంగా తోచేది ఇదే. పాఠకుడికి కూడా ఆ అబ్బురం అందాలి.

పడకని దగ్గర నుంచి చూపించు. వేట సీజన్ అయిపోయాక, ఫిబ్రవరి, మార్చిలో మంచు కరిగినప్పుడు వెళ్లు, అప్పుడు నీ వల్ల జింకలకి ఇబ్బంది తక్కువ. ఎండుటాకులు కోలగా నొక్కుకుపోయి కనిపిస్తాయి, పెద్ద జింకదైతే నాలుగడుగుల పొడవు దాకా. ఆకుల మధ్య బూడిద, గోధుమ రంగులు కలిసిన ముతక వెంట్రుకలు దొరుకుతాయి. చలికాలపు వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది, వేళ్ల మధ్య వంచితే మడత పడి అలాగే ఉండిపోతుంది. పక్కన పెంటికలు. వెనక దన్నుగా ఒక పడిపోయిన మాను. ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని జింక తల ఉండే ఎత్తుకి నీ తల దించు. నిలబడినప్పుడు కొమ్మల చాటున కనిపించని వాగు, దాని అవతలి కాలిబాట, నువ్వు కారు ఆపిన చోటు కూడా ఒక్కోసారి కనిపిస్తాయి. నీ వ్యాసంలో ఆకుల రంగుకి ఇచ్చిన పేరాలో సగం దీనికి ఇవ్వు.

గాలి మారితే పడక మారుతుంది. దీనికి ఆధారం నీ వ్యాసంలోనే ఉంది, నువ్వు గమనించినట్టు లేదు. శనివారం "నులివెచ్చటి గాలి" అని రాశావు, ఆదివారం "కోసేసే చలిగాలి, తేటబడిన ఆకాశం" అని రాశావు. ఆ రెండు రోజుల మధ్య ఒక కోల్డ్ ఫ్రంట్, అంటే చల్లటి గాలి ముందుకు తోసుకొచ్చే అంచు, దాటిపోయింది. అక్కడ ఫ్రంట్ రాకముందు గాలి సాధారణంగా దక్షిణం నుంచో నైరుతి నుంచో వీస్తుంది. అది దాటిపోయాక పడమరకీ వాయవ్యానికీ తిరుగుతుంది, చలి దిగుతుంది. నీ వేటగాడు శనివారం దక్షిణపు గాలిలో గట్టుకి ఉత్తరం వైపు చూసిన పడకని నమ్ముకుని, ఆదివారం వాయవ్యపు గాలిలో అదే వైపు మంచె కట్టాడు. గాలి తిరిగాక ఆ జింక గట్టు అవతలికి మారి ఉంటుంది. అందుకే అది అతను ఎదురుచూసిన దారిన రాలేదు, వీపు వెనక నుంచి వచ్చింది. నువ్వు దాన్ని వింతగా రాశావు. కారణం చెప్పి రాస్తే ఇంకా బాగుంటుంది.

అయితే దీన్ని సూత్రంలా రాయకు. మధ్యాహ్నం గాలి తిరిగినప్పుడు జింక లేచి పది అడుగులు జరిగి మళ్లీ పడుకోవచ్చు, గట్టు దాటి పోవచ్చు, అసలు కదలకపోవచ్చు. ఆడజింకలూ పిల్లలూ మేతకి దగ్గరగా గుంపుగా పడుకుంటాయి, తలో దిక్కు చూస్తూ. జింక ఎప్పుడూ గాలికి ఎదురే నడుస్తుందని కూడా రాస్తుంటారు. అదే నిజమైతే వాయవ్యపు గాలి వీచే వారంలో జింకలన్నీ కెనడా చేరాలి. గాలిని చెంప మీదికి తీసుకుంటూ అడ్డంగా నడవడం, పడుకునే ముందు వచ్చిన దారి వాసన దొరికేలా వెనక్కి చుట్టు తిరగడం, ఇవన్నీ చేస్తుంది. "తరచు", "చాలాసార్లు" అనే మాటలు వాడటానికి మొహమాటపడకు.

ఇక సాయంత్రం. నీ కథకి ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి తీరిగ్గా రాయి. పొద్దు వాలుతుంటే ఆగ్నేయపు వాలు మీద ముందుగా నీడ పడుతుంది. అవతలి గట్టు మీద ఇంకా ఎండ ఉండగానే ఇక్కడ నేల చల్లబడుతుంది. నీరు పల్లమెరుగు అంటాం కదా, చల్లబడిన గాలి కూడా అంతే, వాలు వెంట జారి వాగులోకి దిగి, వాగు పారే వైపే సాగుతుంది. పగలంతా పైకి పోయిన వాసన ఇప్పుడు కిందికి పోతుంది. మధ్యలో కాసేపు గాలి ఎటూ తేలదు. ఆగుతుంది, తిరుగుతుంది, వెనక్కి వస్తుంది. సాయంత్రపు వేటలు ఎక్కువగా చెడేది ఆ కాసేపట్లోనే. గాలి గట్టిగా వీస్తున్న రోజు ఈ జారుడు అంతగా తెలియదు. మబ్బు పట్టిన రోజు మెత్తగా ఉంటుంది. గాలి నెమ్మదిగా వీస్తూ ఆకాశం తేటగా ఉన్న రోజున మాత్రం లోయ అంతా దీని మాటే వింటుంది. నువ్వు రాసిన ఆదివారం సాయంత్రానికల్లా గాలి తగ్గిందని నువ్వే రాశావు.

అక్కడి వేటగాళ్లు జేబులో మిల్క్‌వీడ్ కాయ పెట్టుకుంటారు. మన జిల్లేడు కుటుంబానిదే ఆ మొక్క. కాయ పగిలితే అదే రకం మెత్తటి దూది, అడుగున చిన్న గింజ. మంచె మీద కూర్చుని ఒక్క పోగు వదిలి చూస్తారు. పొడి చల్లితే చేతి దగ్గర గాలి మాత్రమే తెలుస్తుంది, ఈ పోగు అయితే వంద గజాల దాకా కంటికి కనిపిస్తూ పోతుంది. దాన్ని వెంబడించి రాయి. నాలుగింటికి వదిలిన పోగు ఆగ్నేయంగా సాగి, వాలు ఎక్కే గాలి తగిలి పైకి లేచి కొమ్మల్లోంచి మాయమవుతుంది. నీడ పడ్డాక వదిలినది మంచె ముందే నిలబడిపోతుంది, రెండు సార్లు గుండ్రంగా తిరిగి వేటగాడి మొహం మీదికే వస్తుంది. ఇంకాసేపటికి వదిలినది నేల దాకా దిగి, ఆకులకి జానెడు ఎత్తున, జింక రావాల్సిన దారి మీదుగానే వాగు వైపు పోతుంది. ఈ మూడు పోగులూ వరసగా రాస్తే "గాలి మారింది" అని నువ్వు చెప్పక్కర్లేదు. పాఠకుడికే గుండె దడ మొదలవుతుంది.

మంచె ఎక్కడ కట్టాలన్నది కూడా ఇందులోంచే వస్తుంది. గాలి పూర్తిగా వేటగాడికి అనుకూలంగా ఉన్న చోట ముదురు జింక వెలుగుండగా నడవడానికి ఇష్టపడదు, తన ముక్కుకి ఏమీ అందదు కాబట్టి. అందుకని తెలిసినవాళ్లు జింకకి దాదాపు అనుకూలంగా ఉన్న గాలిని ఎంచుకుంటారు. అది ధైర్యంగా లేచి వస్తుంది, మన వాసన మాత్రం దాని దారికి ఒక పక్కగా కొద్ది గజాల తేడాలో సాగిపోతుంది. ఆ కొద్ది గజాలే టెన్షన్. సాయంత్రానికైతే వాగు ఒడ్డున, జింక దారికి పల్లపు వైపు కూర్చునేవాళ్లు ఉన్నారు. జారే గాలి వాళ్ల వాసనని వాగులోకి దింపి దిగువకి తీసుకుపోతుంది. కానీ అక్కడికి మధ్యాహ్నమే వెళ్లి కూర్చుంటే పైకి పోయే గాలి పడక దాకా కబురు చేరుస్తుంది. ఏ వేళకి వెళ్లాలి, ఏ దారిన వెళ్లాలి, చీకటి పడ్డాక చేలో మేస్తున్న జింకల్ని బెదరగొట్టకుండా ఎలా దిగి రావాలి అన్నవి బాణం వేయడం కంటే పెద్ద నిర్ణయాలు. నీ వ్యాసంలో బాణానికి ఒక పేజీ ఉంది, నడకకి ఒక్క వాక్యం కూడా లేదు.

చిన్న సంగతులు కొన్ని. యాప్‌లో వాయవ్యం అని చూపించింది కాబట్టి వాయవ్యం అని రాసేయకు. వాతావరణ కేంద్రాల్లో గాలిని బయలు ప్రదేశంలో 10 మీటర్ల ఎత్తున కొలుస్తారు, లోయ అడుగున ఓక్ చెట్ల మధ్య కొలవరు. సమయాన్ని గడియారంతో కాకుండా పొద్దుతో చెప్పు. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, నీ ఐదు గంటల వెలుగు ఆ రోజుతో చీకటైపోతుంది. "సూర్యాస్తమయానికి గంట ముందు" అంటే గుంటూరులో చదివేవాడికీ తెలుస్తుంది. మంచె ఎక్కేటప్పుడు హార్నెస్, అంటే పడకుండా ఒంటిని చెట్టుకి కట్టి ఉంచే పట్టీలు, కట్టుకున్నట్టు రాయి. చెట్టు మీంచి పడి దెబ్బలు తిన్నవాళ్లు తక్కువేం కాదు, నీ వ్యాసం చదివి ఎవరో ఒకరు ఎక్కాలనుకుంటారు. అక్కడ వేటకి లైసెన్స్ ఉందనీ, 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు విస్కాన్సిన్‌లో హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట శిక్షణ కోర్సు పాసవ్వాలనీ ఒక మాట చెప్పు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని వేటాడటం నేరం. తెలుగులో చదివేవాళ్లకి ఆ ప్రశ్న మొదటి పేరాలోనే వస్తుంది, జవాబు దాటవేస్తే ఆ తర్వాత నువ్వెంత బాగా రాసినా మనసు పెట్టి చదవరు.

దిక్కుల విషయంలో మాత్రం మన పాఠకుణ్ని తక్కువ అంచనా వేయకు. నైరుతి రుతుపవనాలంటే నైరుతి నుంచి వచ్చేవని బడిపిల్లలకీ తెలుసు. కళ్లంలో తూర్పారబట్టినవాళ్లకి గాలివాటం గురించి పాఠం చెప్పక్కర్లేదు. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం అని ధైర్యంగా రాయి. కొండ ఏ వైపు ఉందో, వాగు ఏ వైపు పారుతోందో ముందే ఒకసారి చెప్పేస్తే మిగతాది వాళ్లే పట్టుకుంటారు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. కాగితం మీద గట్టు, వాగు, మొక్కజొన్న చేను, పడక, మంచె గీసుకో. నాలుగింటికి, నీడ పడ్డాక, సూర్యాస్తమయానికి గాలి ఎటు పోతోందో మూడు రంగుల్లో బాణాలు వేసుకో. జింక నడిచిన దారిని ఆ బాణాలు ఎక్కడ తాకాయో అక్కడ చుక్క పెట్టు. నీ కథలో అది తోక ఎత్తి గెంతిన చోటూ ఆ చుక్కా ఒకటి కాకపోతే, ఏదో ఒకటి తప్పుగా గుర్తున్నట్టు. మళ్లీ వెళ్లి చూసిరా. ఆ కాగితం ఫోటో కూడా వ్యాసంతో పాటు పంపు, ముందు అదే చూస్తాను. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగకి ముందు శనివారం గన్ సీజన్ (తుపాకీతో జింకల వేట) మొదలవుతుంది, ఆ తొమ్మిది రోజులూ నేను ఫోన్ తీయను. ఆ లోపు పంపితే మంచిది, లేకపోతే డిసెంబరులో చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య