పాల్వంచ పాత కేటీపీఎస్ కథ: ఆ ఎనిమిది టవర్లు ఎందుకు కూల్చారు?

‘పాల్వంచలో టవర్లు కూల్చిన వీడియో చూశాను, కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్) మూసేశారా?’ అని ఒకరు అడిగారు. మూసింది పాత ప్లాంటే. కేటీపీఎస్ నడుస్తూనే ఉంది. నాన్న ఆ పాత ప్లాంటులోని బీ స్టేషన్‌లో చేసేవారు, నేను క్వార్టర్స్‌లో పెరిగాను, కాబట్టి తెలిసింది చెప్తాను.

పక్కనే సింగరేణి బొగ్గు, దగ్గర్లోనే కిన్నెరసాని నీళ్లు. అందుకే ప్లాంటు అక్కడ పెట్టారు. 1966-67లో ‘ఏ’ (A) స్టేషన్ మొదలైంది, 60 మెగావాట్ల యూనిట్లు (కరెంటు పుట్టించే యంత్రాలు) నాలుగు. 1974-78 మధ్య బీ, సీ స్టేషన్లలో 120 మెగావాట్లవి ఇంకో నాలుగు వచ్చాయి. అన్నీ కలిపి 720. ఇక్కడి ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలంటూ పాల్వంచలో మొదలైన ఆందోళనతోనే 1969 తెలంగాణ ఉద్యమం రాజుకుంది.

వీడియోలో పడినవి పొగగొట్టాలు కావు. కూలింగ్ టవర్లు. పైనుంచి తెల్లగా లేచేది పొగ కాదు, నీటి ఆవిరి. ఒక దసరాకి, ఆయుధపూజ రోజు, నాన్న నన్ను టవర్ దగ్గరికి తీసుకెళ్లారు. కండెన్సర్ (టర్బైన్ తిప్పిన ఆవిరిని చల్లార్చి నీళ్లు చేసేది) నుంచి వచ్చిన వేడినీళ్లు లోపల పైనుంచి చినుకులుగా రాలుతుంటే, కింది నుంచి గాలి లోపలికి దూసుకుపోతోంది. ఎండ మండిపోతోంది, చెవుల్లో మాత్రం జోరువాన. నాన్న ఏదో చెప్తున్నారు, ఒక్క మాటా వినబడలేదు. చొక్కా తడిసిపోయింది.

మూసేయడానికి పెద్ద రహస్యమేం లేదు. నలభై, యాభై ఏళ్ల చిన్న యూనిట్లు, అంతే కరెంటుకి కొత్తవాటికన్నా ఎక్కువ బొగ్గు తినేవి. పైగా కాలుష్యం నిబంధనలు బిగిశాయి. 2018లో పక్కనే వచ్చిన ఏడో దశ యూనిట్ ఒక్కటే 800 మెగావాట్లు! పాత యూనిట్లు ఎనిమిదీ కలిపినా దానికి తక్కువే. 2020 మార్చికల్లా పాతవన్నీ ఆగిపోయాయి. 2024 ఆగస్టు 5న పేలుడు పదార్థాలు పెట్టి ఎనిమిది టవర్లనూ కూల్చారు.

ఇప్పుడు అక్కడ యూనిట్ల లెక్క 9తో మొదలై 12తో ఆగుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు మొదటి ఎనిమిది ఏవని అడుగుతుంటారు.

కూల్చిన రోజు నాన్న చూడ్డానికి వెళ్లలేదు. సాయంత్రం తమ్ముడు ఫోన్లో వీడియో పెడితే కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చూశారు. ‘మా బీ స్టేషన్‌వి ఇందులో ఏవిరా?’ అన్నారు. దుమ్ములో మాకూ గుర్తు దొరకలేదు.